ప్రొటీన్ బయోసెన్సర్‌లో మెటల్ ఆక్సైడ్ నానోకణాలు: ఆ సిగ్నల్ ఎంజైమ్‌దా, ఆక్సైడ్‌దా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద జింక్ ఆక్సైడ్ నానోకణాలు వేసి, వాటిపై ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌ను ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేసే గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌ను నిలిపారు. మొదటి రోజు గ్లూకోజ్‌కు కరెంటు బాగానే వచ్చింది. ఫాస్ఫేట్ బఫర్‌లో ఉంచి మూడో రోజు చూస్తే సగానికి పడిపోయింది, ఎందుకు? సైక్లిక్ వోల్టమెట్రీలో (వోల్టేజీని పైకీ కిందికీ మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) మైనస్ 0.45 వోల్టు దగ్గర ఒక జత పీకులు కనబడుతున్నాయి. వాటిని ఎంజైమ్ నుంచి ఎలక్ట్రోడ్‌కు నేరుగా జరిగే ఎలక్ట్రాన్ బదిలీ అని రాయొచ్చా? జింక్ ఆక్సైడ్ బదులు ఐరన్ ఆక్సైడో టైటానియం డయాక్సైడో వాడితే మేలా?

మూడింటికీ జవాబు ఒకే చోట ఉంది. నానోకణాలను ప్రొటీన్ కూర్చోడానికి వేసిన పీటలా చూస్తున్నంతకాలం ఈ చిక్కులు తీరవు. ఆక్సైడ్‌కు తన కరుగుదల, తన చార్జి, తన ఉత్ప్రేరక గుణం, తన ఆక్సీకరణ–క్షయకరణ అన్నీ ఉన్నాయి. కాబట్టి ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ప్రొటీన్ అసలు లేకపోతే, ఇదే ద్రావణంలో, ఇదే వోల్టేజీ దగ్గర ఈ ఆక్సైడ్ ఏం చేస్తుంది?

కరెంటు ఎందుకు పడిపోయింది

జింక్ ఆక్సైడ్‌ను అందరూ ఎంచుకునేది దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర చార్జి సున్నా అయ్యే పీహెచ్) వల్ల. అది సుమారు 9.5. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ది 4.2 దగ్గర. పీహెచ్ 7.4 దగ్గర ఆక్సైడ్ ధన చార్జితో, ఎంజైమ్ రుణ చార్జితో ఉంటాయి కాబట్టి ఏ లింకరూ లేకుండానే అతుక్కుంటాయి. ఇంతవరకు నిజమే. కానీ జింక్ ఆక్సైడ్ ఆమ్లంలోనూ కరుగుతుంది, గాఢ క్షారంలోనూ కరుగుతుంది. ఆమ్లం వైపు పీహెచ్ ఒక యూనిట్ తగ్గితే కరగగల జింక్ సుమారు వంద రెట్లు పెరుగుతుంది.

మీ ఎలక్ట్రోడ్‌కే లెక్క వేద్దాం. 10 మైక్రోగ్రాముల జింక్ ఆక్సైడ్ అంటే 0.12 మైక్రోమోల్. అది మొత్తం 10 మి.లీ. బఫర్‌లో కరిగిపోయినా గాఢత 12 మైక్రోమోలార్ దాటదు. పీహెచ్ 7.4 దగ్గర సమతాస్థితిలో వందల మైక్రోమోలార్ల జింక్ కరగగలదు. అంటే మీ పొర మొత్తాన్నీ కరిగించుకునే చోటు ఆ బీకరులో ఉంది. వేగం తక్కువ కాబట్టి మొదటి రోజు తెలియదు, అంతే. దానికి తోడు ఫాస్ఫేట్ ఉంటే కణాల పైభాగం మెల్లగా జింక్ ఫాస్ఫేట్‌గా మారుతుంది. అలా మారిన ఉపరితలం చార్జి వేరు, కాబట్టి ఎంజైమ్‌ను పట్టి ఉంచిన ఆకర్షణ సడలిపోతుంది. ఫాస్ఫేట్ సెలైన్‌లో జింక్ ఆక్సైడ్ సెన్సర్లు గంటల తరబడి బాగానే పనిచేసి, రోజుల్లో చతికిలబడటానికి ఎక్కువ భాగం కారణం ఇదే.

నివారణ కష్టం కాదు. ఫాస్ఫేట్ మానేసి 10 మిల్లీమోలార్ హెపెస్ బఫర్ వాడండి, పీహెచ్ 7.4 నుంచి 7.6 మధ్య పెట్టండి. ఇంకా పైకి వెళితే ఆక్సైడ్‌కు మంచిదే కానీ గ్లూకోజ్ ఆక్సిడేజ్ అసలు ఇష్టపడేది 5.5 చుట్టుపక్కల, 8 దగ్గర దాని చురుకు బాగా తగ్గిపోతుంది. ఆ బఫర్‌లోనే కొంచెం జింక్ ఆక్సైడ్ పొడి ఎక్కువగా వేసి రాత్రంతా కలియబెట్టి, 0.2 మైక్రోమీటర్ల ఫిల్టర్‌తో వడకట్టండి, పీహెచ్ మళ్లీ సరిచూసుకోండి. ద్రావణం ముందే జింక్‌తో సంతృప్తమై ఉంటే మీ పొర కరగడానికి కారణం ఉండదు. వేరే ఎంజైమ్‌తో ఇలా చేస్తుంటే జింక్ అయాన్లు దాన్ని అణచడం లేదని ముందు ద్రావణంలో పరీక్షించుకోండి. కొలతల మధ్య ఎలక్ట్రోడ్‌ను బఫర్‌లో నానబెట్టకండి. కడిగి, ఆరనిచ్చి, 4 డిగ్రీల దగ్గర మూసిన పెట్టెలో ఉంచండి.

ఆమ్లం చాటుగా వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. పొరను పట్టి ఉంచే పాలిమర్ కైటోసాన్‌ను 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి జింక్ ఆక్సైడ్‌తో కలిపితే, కలిపిన గిన్నెలోనే ఆక్సైడ్ కరగడం మొదలవుతుంది. తెల్లటి మిశ్రమం నిమిషాల్లో పలచబడి తేటగా కనిపిస్తే బాగా విడిపడిందని సంతోషపడొద్దు, కరిగిపోయింది. అలాంటి మరో పాలిమర్ నాఫియాన్ కూడా బలమైన ఆమ్లమే, పైగా ఆల్కహాల్‌లో వస్తుంది. 5 శాతం ద్రావణాన్ని 0.5 శాతానికి పలచబరచి, పలచని అమ్మోనియాతో తటస్థం చేశాకే పొర మీద వేయండి. కార్బాక్సిల్ గుంపులను ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ అనే కలిపే రసాయనాలతో చైతన్యపరచడానికి మామూలుగా వాడే ఎంఈఎస్ బఫర్ పీహెచ్ 5 నుంచి 6. జింక్ ఆక్సైడ్‌కు అదీ పనికిరాదు.

ఇంకొకటి చాలామంది గమనించరు. పొరను పరీక్షించడానికి ఫెర్రిసయనైడ్–ఫెర్రోసయనైడ్ మిశ్రమం వాడతారు. కరిగిన జింక్ అయాన్లు ఫెర్రోసయనైడ్‌తో కలిసి జింక్ హెక్సాసయనోఫెర్రేట్‌గా ఎలక్ట్రోడ్ మీదే అవక్షేపిస్తాయి. ఇంపీడెన్స్ (ఏసీ నిరోధం) కొలతలో చార్జి బదిలీ నిరోధం పెరిగిందని, ప్రొటీన్ అతుక్కుందని రాసేస్తారు. ఆ పెరుగుదలలో సగం ఈ అవక్షేపానిదే కావచ్చు. ప్రొటీన్ లేని ఆక్సైడ్ ఎలక్ట్రోడ్‌ను అదే ద్రావణంలో అంతే సేపు ఉంచి, ఇంపీడెన్స్ వరుసగా నాలుగైదు సార్లు తీయండి. నిరోధం దానంతటదే పెరుగుతూ పోతే ఆ ప్రోబ్ మీకు పనికిరాదు, హెక్సాఅమ్మీన్ రుథీనియానికి మారండి.

పొర వేసే పద్ధతి, పరిమాణాలు

3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్ అనుకుందాం, వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. 1.0, 0.3, 0.05 మైక్రోమీటర్ల అల్యూమినాతో వరుసగా మెరుగు పెట్టండి. ఆ తర్వాత నీటిలో, ఇథనాల్‌లో, మళ్లీ నీటిలో ఒక్కో నిమిషం చొప్పున సోనికేట్ (అల్ట్రాసౌండ్‌తో కదపడం) చేయాలి. అల్యూమినా కూడా ఆక్సైడే, అదీ ప్రొటీన్లను పట్టుకుంటుంది, మిగిలిపోతే నియంత్రణ ఎలక్ట్రోడ్లన్నీ పాడవుతాయి. 5 మిల్లీమోలార్ ఫెర్రిసయనైడ్, 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో సెకనుకు 50 మిల్లీవోల్టుల వేగంతో తీస్తే పీకుల మధ్య దూరం 80 మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే మళ్లీ మెరుగు పెట్టాల్సిందే. స్క్రీన్ ప్రింటెడ్ ఎలక్ట్రోడ్లను మాత్రం సోనికేట్ చేయకండి, సిరా ఊడుతుంది.

నానోకణాలు నీటిలో 2 మి.గ్రా./మి.లీ. చొప్పున, ఐసు నీళ్ల మధ్య పెట్టి 30 నిమిషాలు సోనికేట్ చేసి, వెంటనే 5 మైక్రోలీటర్లు వేయండి. పది నిమిషాలు ఆగితే పెద్ద ముద్దలు అడుగుకు చేరి, ఎలక్ట్రోడుకూ ఎలక్ట్రోడుకూ తేడా మొదలవుతుంది. ఫలితాలు తిరిగి రాకపోవడానికి ఎంజైమ్ కంటే ఈ పది నిమిషాలే ఎక్కువసార్లు కారణం. ఆరేటప్పుడు దాని మీద ఒక గిన్నె బోర్లించి నెమ్మదిగా ఆరనివ్వండి, లేకపోతే కణాలన్నీ చుక్క అంచుకు చేరి ఉంగరంలా నిలుస్తాయి. ఎక్కువ వేస్తే మంచిదనుకోవద్దు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ అర్ధవాహకాలు. పొర మందమైతే ఎలక్ట్రాన్‌కూ దారి కష్టం, గ్లూకోజ్‌కూ దారి కష్టం. ఎక్కువ కావాలంటే కార్బన్ నానోట్యూబులనో క్షయకరించిన గ్రాఫీన్ ఆక్సైడ్‌నో కలపండి.

కొన్న పొడి అయినా, తయారుచేసినది అయినా, ఉపరితలం మీద ఏముందో తెలుసుకోండి. సీటీఏబీ, పీవీపీ, ఓలియేట్ వంటి సర్ఫేస్ పూతలు మిగిలి ఉంటే పుస్తకంలోని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ మీ కణాలకు వర్తించదు. మీ బఫర్‌లోనే జీటా పొటెన్షియల్ (కణం ఉపరితల చార్జిని తెలిపే కొలత) కొలవండి. ఈ ఒక్క కొలత వారాల శ్రమను ఆదా చేస్తుంది.

ఎంజైమ్ ఎంత వేయాలి? 30 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ కణాలకు గ్రాముకు సుమారు 36 చదరపు మీటర్ల ఉపరితలం. మీ 10 మైక్రోగ్రాములకు 3.6 చదరపు సెంటీమీటర్లు, అంటే చదునైన ఎలక్ట్రోడ్‌కు దాదాపు 50 రెట్లు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ 160 కిలోడాల్టన్ల డైమర్, ఒక్కో అణువు 40 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుందనుకుంటే ఒక చదరపు సెంటీమీటరుకు పట్టేది 0.65 మైక్రోగ్రాములు. ప్రతి కణం మీదా ఒక్క పొర నిండుగా పరిచినా మొత్తం రెండున్నర మైక్రోగ్రాముల లోపే. నిజానికి కణాల మధ్య సందుల్లోకి ఎంజైమ్ పూర్తిగా దూరలేదు కాబట్టి ఇంకా తక్కువ. అలాంటప్పుడు 10 మి.గ్రా./మి.లీ. ద్రావణం 5 మైక్రోలీటర్లు వేయడం అంటే 50 మైక్రోగ్రాములు, ఇరవై రెట్లు అదనం. ఆ అదనం వదులుగా పేరుకుని, మొదటి కొలతల్లో మంచి కరెంటు ఇచ్చి, తర్వాత ద్రావణంలోకి జారుకుంటుంది. మీ మూడో రోజు పతనంలో దీని వాటా కూడా ఉండొచ్చు. 1 నుంచి 2 మి.గ్రా./మి.లీ. చాలు. 10 మిల్లీమోలార్ దాటని పలచని బఫర్‌లో ఇవ్వండి, ఉప్పు ఎక్కువైతే చార్జి ఆకర్షణ కప్పబడిపోతుంది. తడి కాగితం పెట్టిన మూసిన పెట్టెలో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, అదే బఫర్‌తో మూడుసార్లు కడగండి. కడిగిన నీళ్లు పారబోయకండి, వాటి అవసరం కింద ఉంది.

చార్జి ఆకర్షణ ఒక్కటే నమ్మకుండా క్రాస్‌లింక్ చేయాలంటే ఎంజైమ్‌తో పాటు 10 మి.గ్రా./మి.లీ. బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) కలిపి, గ్లూటరాల్డిహైడ్ తుది గాఢత 0.25 శాతం ఉండేలా 15 నిమిషాలు ఉంచి, కడిగి, 0.1 మోలార్ గ్లైసిన్‌తో ఆపండి. ఎంజైమ్ మీద నేరుగా 2.5 శాతం ఒక గంట పోస్తే పొర గట్టిగా ఉంటుంది కానీ చురుకు చచ్చిపోతుంది. ఈ దశలో ట్రిస్ బఫర్ ఉండకూడదు, దాని ఎమైన్ గ్లూటరాల్డిహైడ్‌ను తినేస్తుంది.

మైనస్ 0.45 వోల్టు పీకు గురించి

ప్రస్తుతానికి దాన్ని నేరు ఎలక్ట్రాన్ బదిలీ అని రాయకండి. గ్లూకోజ్ ఆక్సిడేజ్‌లో ఎలక్ట్రాన్లను మోసే ఎఫ్‌ఏడీ అనే చిన్న అణువు ప్రొటీన్ లోపల ఒక నానోమీటరుకు మించిన లోతున ఉంటుంది, పైన చక్కెర గొలుసుల తొడుగు వేరే. ఎలక్ట్రాన్ టన్నెలింగ్ దూరంతో పాటు విపరీతంగా తగ్గిపోతుంది. మరి ఆ పీకు ఎక్కడిది? విడిపోయిన ఎఫ్‌ఏడీ ఎలక్ట్రోడ్ మీద చేరితే సరిగ్గా అక్కడే, అదే ఆకారంలో పీకు ఇస్తుంది. ఎంజైమ్ పొడిలో కొంత ఎఫ్‌ఏడీ ముందే విడిగా ఉండొచ్చు, ఉపరితలం మీద విచ్చుకుపోయిన అణువులు ఇంకొంత వదులుతాయి. పీకు కరెంటు స్కాన్ వేగానికి అనులోమంగా పెరగడం కూడా ఏమీ తేల్చదు, అతుక్కున్న స్వేచ్ఛా ఎఫ్‌ఏడీ కూడా అలాగే ప్రవర్తిస్తుంది.

తేల్చే పరీక్ష ఇది. నైట్రోజన్‌ను 30 నిమిషాలు పంపి, కొలిచేటప్పుడు కూడా ద్రావణం పైన పారుతూ ఉంచండి. గ్లూకోజ్ 10 మిల్లీమోలార్ చేర్చండి. నిజంగా ఎంజైమ్ నుంచి ఎలక్ట్రోడ్‌కు ఎలక్ట్రాన్లు వస్తుంటే, ఆ పీకు వోల్టేజీ దగ్గర నుంచే ఆక్సీకరణ కరెంటు లేవాలి. లేవకపోతే ఆ పీకుకూ మీ ఉత్ప్రేరణకూ సంబంధం లేదు. గాలి ఉన్న ద్రావణంలో గ్లూకోజ్ వేసినప్పుడు క్షయకరణ కరెంటు తగ్గడాన్ని చాలాచోట్ల రుజువుగా చూపిస్తారు. అది ఎంజైమ్ ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల ఎలక్ట్రోడ్‌కు ఆక్సిజన్ తగ్గడం మాత్రమే. సెన్సర్‌గా అది నిక్షేపంగా పనికొస్తుంది, పేరు మాత్రం మార్చి రాయాలి.

ఎంజైమ్‌ను వాడేముందు 30 కిలోడాల్టన్ల ఫిల్టర్ ట్యూబులో రెండు మూడు సార్లు కడిగితే విడి ఎఫ్‌ఏడీ కిందికి దిగిపోతుంది. కిందికి దిగిన ద్రావణం 450 నానోమీటర్ల దగ్గర కాంతిని గ్రహిస్తే అనుమానం రుజువైనట్లే. మరో హెచ్చరిక: నియంత్రణ కోసం ఉడకబెట్టిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ వాడకండి, వేడి ఎఫ్‌ఏడీని బయటికి తోస్తుంది, పీకు పెద్దదవుతుంది. బీఎస్ఏ వాడండి. దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 4.7, చార్జి విషయంలో మంచి జోడీ.

సైటోక్రోమ్ సి, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ వేరే కథ. వాటిలో ఎలక్ట్రాన్లను మోసే ఐరన్ గుంపు హీమ్ అంచుకు దగ్గరగా ఉంటుంది, నేరు బదిలీ నిజంగానే సాధ్యం. కానీ సైటోక్రోమ్ సి ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 10 చుట్టూ. జింక్ ఆక్సైడ్ మీద అది నిలవదు, తటస్థ పీహెచ్‌లో రుణ చార్జి ఉండే ఆక్సైడ్ కావాలి.

ఏ ఆక్సైడ్?

టైటానియం డయాక్సైడ్ ఆమ్లంలోనూ ఫాస్ఫేట్‌లోనూ కరగదు, ఆ స్థిరత్వం దాని పెద్ద బలం. ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 5 నుంచి 6, కాబట్టి పీహెచ్ 7 దగ్గర గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను దానంతట అది ఆకర్షించదు. ఎసిటేట్ బఫర్‌లో పీహెచ్ 4.5–5 దగ్గర అతికించండి, లేదా అమినోప్రొపైల్ ట్రైఎథాక్సీసిలేన్ 1–2 శాతంతో ఎమైన్ గుంపులు పెట్టి గ్లూటరాల్డిహైడ్‌తో కలపండి. అప్పుడు కూడా గ్లూటరాల్డిహైడ్‌ను పూర్తిగా కడిగేశాకే ఎంజైమ్ వేయాలి. అతినీలలోహిత కాంతి తగిలితే ఇది రాడికల్స్ పుట్టించి ప్రొటీన్‌ను కాల్చేస్తుంది, కాబట్టి యూవీ దీపంతో శుద్ధి చేయొద్దు, ఎండ పడే బల్ల మీద ఉంచొద్దు.

మాగ్నెటైట్ ఐరన్ ఆక్సైడ్‌కు తనదే పెరాక్సిడేజ్ గుణం ఉందని 2007లో తేలింది. ఎంజైమ్ తయారుచేసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అదే క్షయకరిస్తుంది. అది లాభమే, కానీ సిగ్నల్ ఎవరిదో విడదీసి చూపాలి. నల్లటి పొడి గోధుమ రంగుకు తిరిగితే గాలికి ఆక్సీకరణమై మాగ్‌హెమైట్ అవుతోందని అర్థం. యాంటీబాడీ సెన్సర్లకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను: నమూనాలో కణాలను కలిపి, అయస్కాంతంతో లాగి, కడిగి, ఎలక్ట్రోడ్ వెనుక అయస్కాంతం పెట్టి కూర్చోబెట్టవచ్చు. అయితే ఐరన్, టైటానియం, జిర్కోనియం ఆక్సైడ్లన్నిటినీ ఫాస్ఫేట్ గట్టిగా పట్టుకుంటుంది. సిట్రేట్ వంటి కార్బాక్సిల్ లింకర్‌తో యాంటీబాడీని నిలిపి ఫాస్ఫేట్ సెలైన్‌తో కడిగితే లింకర్‌తో సహా ఊడిపోవచ్చు.

సీరియం డయాక్సైడ్, మాంగనీస్ డయాక్సైడ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విడగొడతాయి. పెరాక్సైడ్‌ను కొలిచే సెన్సర్‌లో వాటిని పెడితే మీ సిగ్నల్‌ను మీరే తుడిచేసుకున్నట్లు. నికెల్, కాపర్, కోబాల్ట్ ఆక్సైడ్లు క్షార ద్రావణంలో ఎంజైమ్ లేకుండానే గ్లూకోజ్‌ను ఆక్సీకరిస్తాయి. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో కొలిచి దాన్ని గ్లూకోజ్ ఆక్సిడేజ్ సెన్సర్ అనడంలో అర్థం లేదు, ఆ పీహెచ్‌లో ఎంజైమ్ బతకదు.

మీకు నా సలహా: కొన్ని గంటల్లో ముగిసే ప్రయోగానికి జింక్ ఆక్సైడ్ ఉంచుకోండి. వారాల నిల్వ కావాలంటే టైటానియం డయాక్సైడ్‌కు మారి, పెరాక్సైడ్‌ను ప్రష్యన్ బ్లూ (పెరాక్సైడ్‌ను క్షయకరించే ఐరన్ సమ్మేళనం) మీద 0 వోల్టు దగ్గర కొలవండి. ఒట్టి గ్లాసీ కార్బన్ మీద పెరాక్సైడ్ ఆక్సీకరణ మందకొడి. 0.6 వోల్టు పైకి వెళితే ఆస్కార్బిక్ ఆమ్లం, యూరిక్ ఆమ్లం, పారాసెటమాల్ అన్నీ కలిసి వస్తాయి. ప్రష్యన్ బ్లూను జింక్ ఆక్సైడ్‌తో జతచేయొద్దు. మొదటిది క్షారం వైపు పాడవుతుంది, రెండోది ఆమ్లం వైపు కరుగుతుంది, ఇద్దరికీ నచ్చే పీహెచ్ దాదాపు లేదు.

కొలిచేటప్పుడు

గ్లూకోజ్ స్టాక్ ద్రావణం ముందురోజే చేసి ఉంచండి. ఎంజైమ్ బీటా రూపాన్నే తీసుకుంటుంది, పొడి మాత్రం ఎక్కువగా ఆల్ఫా రూపంలో ఉంటుంది. అప్పుడే కలిపిన ద్రావణంతో గీసిన క్యాలిబ్రేషన్ గీత మధ్యాహ్నానికి మారిపోతుంది. గాలితో సంతృప్తమైన నీటిలో ఆక్సిజన్ 0.25 మిల్లీమోలార్ మాత్రమే, కాబట్టి గీత పైన వంగిపోతే అది ఎంజైమ్ సంతృప్తం కాకుండా ఆక్సిజన్ కరవు కావచ్చు. ఆ వంపు నుంచి మైకేలిస్ స్థిరాంకం (ఎంజైమ్ సగం వేగం అందుకునే గ్లూకోజ్ గాఢత) లెక్కగట్టి, తక్కువ వచ్చింది కాబట్టి నానోకణాలు ఎంజైమ్ ఆకర్షణను పెంచాయి అని రాయడం తప్పు. స్కాన్‌ను మైనస్ 0.9 వోల్టు కిందికి తీసుకెళ్లొద్దు, కరిగిన జింక్ లోహంగా పేరుకుని తిరుగు స్కాన్‌లో మోసపు పీకు ఇస్తుంది.

ప్రతి వరుసలో ఈ ఎలక్ట్రోడ్లు ఉండాలి: ఒట్టి కార్బన్, ఆక్సైడ్ మాత్రమే, ఆక్సైడ్ మీద బీఎస్ఏ, ఆక్సైడ్ లేకుండా ఎంజైమ్, పూర్తి సెన్సర్. అయిదింటికీ గ్లూకోజ్ ఇవ్వండి, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా విడిగా ఇవ్వండి. పెరాక్సైడ్‌కు స్పందన నిలకడగా ఉండి గ్లూకోజ్‌కు మాత్రమే పడిపోతుంటే పోయింది ఎంజైమ్. రెండూ కలిసి పడిపోతుంటే పోయింది పొర లేదా ఎలక్ట్రోడ్.

ఎంజైమ్ పోయిందని తేలితే, అది జారిపోయిందా, అక్కడే చచ్చిందా అన్నది దాచిన కడుగు నీళ్లు, నిల్వ ఉంచిన బఫర్ చెబుతాయి. వాటిలో గ్లూకోజ్, పెరాక్సిడేజ్, ఏబీటీఎస్ అనే రంగు మారే రసాయనం కలిపి 420 నానోమీటర్ల దగ్గర చూడండి. ఆకుపచ్చ రంగు వస్తే ఎంజైమ్ చురుగ్గానే బయటికొచ్చింది, అతికించే పద్ధతి మార్చాలి. రంగు రాకుండా అదే ద్రావణంలో జింక్ కనిపిస్తే పొర కరిగింది, బఫర్ మార్చాలి. రెండూ లేకపోతే ఎంజైమ్ ఉపరితలం మీదే విచ్చుకుపోయింది. అప్పుడు ఇంకా చిన్న కణాలు ప్రయత్నించండి. చదునైన ఉపరితలం కంటే వంపు ఎక్కువున్న చిన్న కణం మీద ప్రొటీన్ తన ఆకారాన్ని తరచుగా బాగా నిలుపుకుంటుంది. కనీసం అయిదు వేర్వేరు ఎలక్ట్రోడ్ల మీద ఇది చూశాకే ఏ కారణమో రాయండి. ఒకే ఎలక్ట్రోడ్‌ను అయిదుసార్లు కొలిస్తే తెలిసేది మీ పొటెన్షియోస్టాట్ (కొలత పరికరం) ఎంత నిలకడో మాత్రమే.